బియ్యం, పప్పు, క్షయ: ఒకే అధ్యయనం నుంచి వచ్చిన రెండు లెక్కలు

ఖర్కాయి నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, మరో ఒడ్డున ఆదిత్యపూర్. వంతెన దాటితే జిల్లాయే మారిపోతుంది. వాహనాల విడిభాగాలు తయారుచేసే చిన్నా పెద్దా కర్మాగారాలతో నిండిన ఆదిత్యపూర్, సరాయికెలా-ఖర్సావాన్ జిల్లాలో ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లు కొత్తవి కావు. ఆ పారిశ్రామికవాడ దాటి లోపలికి వెళితే హో, సంతాల్, ముండా, భూమిజ్ తెగల పల్లెలు వస్తాయి. 2019 ఆగస్టు నుంచి 2022 జూలై వరకు ఈ జిల్లాలోనూ, తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, రాంచీ జిల్లాల్లోనూ క్షయ వ్యాధి మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని పేరు ‘రేషన్స్’. అందులో పరీక్షకు పెట్టింది కొత్త మాత్రను కాదు, కొత్త టీకాను కాదు. బియ్యాన్నీ పప్పునీ.

ఫలితాలు 2023 ఆగస్టులో రెండు పత్రాలుగా వెలువడ్డాయి. ఒకటి ‘లాన్సెట్’లో, రెండోది ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో. మంచి ఆహారం అందిన కుటుంబాల్లో ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గిందని ఒక పత్రం చెప్పింది. చికిత్స మొదలైన రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించిందని రెండోది చెప్పింది. వార్తల్లో ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కనే వచ్చాయి. చదివినవారికి రెండోదే పెద్దదిగా, బలమైనదిగా తోచడం సహజం. నిజానికి బలమైనది మొదటిది. రెండింటికీ ఉన్న తేడా సంఖ్యల పరిమాణంలో లేదు, ఎవరిని ఎవరితో పోల్చారన్న దానిలో ఉంది. వైద్య పరిశోధనల్లో ఒక చికిత్స పనిచేసిందో లేదో తేల్చేది ఆ పోలికే కాబట్టి, ఈ అధ్యయనాన్ని ఆసరాగా తీసుకుని దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

ఎవరికి ఏమి ఇచ్చారు

క్షయ బ్యాక్టీరియా మనలో చాలామంది ఒంట్లోకి ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. చేరినవారందరికీ జబ్బు రాదు. రోగనిరోధక శక్తి దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. ఆ శక్తి తగ్గినప్పుడు జబ్బు బయటపడుతుంది. శక్తి తగ్గడానికి మధుమేహం, హెచ్ఐవీ, పొగ, మద్యం వంటి కారణాలు ఉన్నా, మన దేశంలో అన్నిటికంటే పెద్ద కారణం తిండి చాలకపోవడం. ఇంట్లో ఒకరికి క్షయ ఉంటే, అదే ఇంట్లో అదే గాలి పీల్చే మిగతావారికి ముప్పు ఎక్కువ. వారికి కడుపునిండా తిండి పెడితే ముప్పు తగ్గుతుందా? అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, వారితో పాటు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తేల్చాలనుకున్న ప్రశ్న ఇది.

నాలుగు జిల్లాల్లో ఉన్న 28 టీబీ యూనిట్లను ఎంచుకున్నారు. ఈ యూనిట్లు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో భాగం. రోగులను నమోదు చేసి మందులు ఇచ్చేది అక్కడే. ఆ యూనిట్ల నుంచి 2,800 మంది రోగులు, వారి ఇళ్లలో ఉంటున్న 10,345 మంది కుటుంబ సభ్యులు అధ్యయనంలో చేరారు. రోగులందరికీ, ఏ యూనిట్‌కు చెందినవారైనా సరే, మందులతో పాటు నెలకు 10 కిలోల ఆహారం ఇచ్చారు. అందులో బియ్యం, పప్పుదినుసులు, పాలపొడి, నూనె ఉన్నాయి. విటమిన్ మాత్రలు అదనం. మామూలు క్షయకు ఇది ఆరు నెలలు, మందులకు లొంగని క్షయకు పన్నెండు నెలలు.

తేడా చూపింది కుటుంబ సభ్యుల విషయంలో మాత్రమే. సగం యూనిట్ల పరిధిలోని ఇళ్లలో ప్రతి పెద్ద మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అందాయి. పదేళ్లలోపు పిల్లలకు అందులో సగం. అంటే రోజుకు ఒక్కొక్కరికి సుమారు 750 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీన్ అదనంగా దొరికినట్టు. మిగతా సగం యూనిట్లలో కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం ఇవ్వలేదు. రెండు వైపులా అందరినీ క్రమం తప్పకుండా కలుస్తూ, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటి లక్షణాలు ఉన్నాయేమో ఆరా తీస్తూ, అనుమానం వస్తే పరీక్షలు చేయించారు.

చీటీ వేయడం ఎందుకు

ఆహారం ఏ యూనిట్లకు ఇవ్వాలన్నది పరిశోధకులు తమ ఇష్టప్రకారం నిర్ణయించలేదు. కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం, అంటే చీటీ తీసినట్టుగా, 28 యూనిట్లను రెండు బృందాలుగా విడదీశారు. ఇదేమిటి, జనం ఆరోగ్యంతో లాటరీయా అనిపించవచ్చు. ఇంకో విధంగా చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

రోడ్డుకు దగ్గరగా ఉన్న ఊళ్లకు ఆహారం చేర్చడం సులువు కాబట్టి వాటినే ఎంచుకున్నారనుకుందాం. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఊళ్లకు ఆస్పత్రీ దగ్గరే, కూలి పనీ దగ్గరే, ఇళ్లూ కొంత మెరుగే. అక్కడ క్షయ తక్కువగా కనిపిస్తే అది బియ్యం వల్లనా, రోడ్డు వల్లనా? లేదా అడిగినవారికి ఇచ్చారనుకుందాం. అడిగి తీసుకునే చొరవ ఉన్న కుటుంబం మందులూ సరిగ్గానే వాడుతుంది, దగ్గు వస్తే పరీక్షకూ త్వరగానే వెళుతుంది. పోనీ, బాగా బక్కచిక్కిన కుటుంబాలను చూసి ఇచ్చారనుకుంటే కథ తలకిందులవుతుంది. ముప్పు ఎక్కువ ఉన్నవారే ఆహారం అందుకున్న బృందంలో చేరతారు కాబట్టి, తిండి పెట్టిన చోటే జబ్బు ఎక్కువగా కనిపించి, బియ్యం హాని చేసిందనే విడ్డూరపు ముగింపుకు వచ్చినా రావచ్చు.

చీటీకి రోడ్డు తెలియదు, చొరవ తెలియదు, జాలి తెలియదు. మనకు తెలిసిన తేడాలనూ, మన ఊహకే అందని తేడాలనూ అది రెండు వైపులా దాదాపు సమంగా చెదరగొడుతుంది. ఆ తరువాత ఫలితంలో కనిపించే తేడాకు కారణంగా మిగిలేవి రెండే: మనం ఇచ్చిన చికిత్స, లేదా కేవలం కాకతాళీయం. కాకతాళీయం ఎంత ఉండవచ్చో గణితంతో అంచనా వేయవచ్చు.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన తొలి పెద్ద పరిశోధన కూడా క్షయ మీదే జరిగింది. 1948లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ప్రచురించిన స్ట్రెప్టోమైసిన్ అధ్యయనం అది. దాని గణాంక రూపకల్పన బ్రాడ్‌ఫర్డ్ హిల్‌ది. 107 మంది రోగుల్లో 55 మందికి మంచంపై విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. ఇంత మంచి మందును సగం మందికి ఎలా ఆపారన్న ప్రశ్నకు అప్పట్లో ఒక సమాధానం ఉంది: యుద్ధానంతర బ్రిటన్‌లో అందరికీ సరిపడా మందే లేదు. అయితే ఈ కథకు రెండో భాగం ఉంది, దాన్ని తక్కువమంది చెబుతారు. ఐదేళ్ల తరువాత లెక్క చూస్తే మందు తీసుకున్న 55 మందిలో 32 మంది, తీసుకోని 52 మందిలో 35 మంది మరణించారు. ఒకే మందు ఇవ్వడంతో బ్యాక్టీరియా దానికి అలవాటు పడిపోయింది. ఆరు నెలల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఐదేళ్ల దగ్గర చాలావరకు కరిగిపోయింది. పోలిక సరిగ్గా ఉన్నా, ఫలితాన్ని ఎప్పుడు కొలిచామన్నది చెప్పే మాటను మార్చేస్తుంది. క్షయకు నేటికీ ఒకటికి మించిన మందులు కలిపి ఇవ్వడానికి మూలం ఆ అనుభవమే.

ఇల్లు విడిచి యూనిట్ ఎందుకు

జార్ఖండ్‌లో ఒక్కో మనిషికి కాకుండా మొత్తం యూనిట్‌కే చీటీ వేశారు. ఒక ఇంటికి బియ్యం మూట వచ్చి పక్కింటికి రాకపోతే ఏమవుతుందో పల్లె తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పొయ్యి మీద అన్నం ఉన్నప్పుడు పక్కింటి పిల్లవాడు ఆకలితో తిరగడు. అలా పంచుకుంటే రెండు బృందాల మధ్య తేడా చెరిగిపోతుంది. పంచుకోకపోతే ఊళ్లో తగవు. అందుకని ఒక యూనిట్ పరిధి అంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. దీన్ని క్లస్టర్ ట్రయల్ అంటారు.

దీనికి చెల్లించాల్సిన మూల్యం ఒకటి ఉంది. అధ్యయనంలో పది వేల మందికి పైగా ఉన్నా, చీటీలు పడింది 28 మాత్రమే. నాణేన్ని పది వేల సార్లు ఎగరేస్తే బొమ్మా బొరుసూ సగం సగం వస్తాయని ధీమాగా చెప్పవచ్చు; 28 సార్లు ఎగరేస్తే అంత ధీమా ఉండదు. మారుమూల అడవి పల్లెలున్న యూనిట్లు అనుకోకుండా ఒకే వైపు ఎక్కువగా పడే అవకాశం ఉంటుంది. మనుషుల సంఖ్యలోనే ఆ ఒరవడి కనిపిస్తుంది: ఆహారం అందిన బృందంలో 5,621 మంది, అందని బృందంలో 4,724 మంది. అందుకే ఇలాంటి అధ్యయనాల్లో వచ్చిన అంకెలను ఉన్నవున్నట్టు తీసుకోరు. ఒకే యూనిట్ మనుషులు ఒకరినొకరు పోలి ఉంటారన్న విషయాన్నీ, రెండు వైపులా మొదట్లోనే ఉన్న తేడాలనూ లెక్కలోకి తీసుకుని సవరిస్తారు.

ఇంకొక బలహీనత ఎవరూ తప్పించలేనిది. మందుకు బదులు సుద్దబిళ్ల ఇచ్చి మాయచేయవచ్చు గానీ, బియ్యానికి బదులు ఏమిస్తాం? ఎవరికి ఆహారం అందుతోందో ఇంటివాళ్లకూ, తిరిగే సిబ్బందికీ తెలుసు. దాన్ని కొంతైనా అదుపులో పెట్టడానికి, క్షయ ఉందో లేదో నిర్ధారించే వైద్యాధికారులకూ ప్రయోగశాల నిపుణులకూ ఆ మనిషి ఏ బృందానికి చెందినవాడో తెలియనివ్వలేదు. కళ్లెలో బ్యాక్టీరియా కనపడితే అది బియ్యం తిన్నవాడిదా కాదా అని పరీక్ష పట్టించుకోదు.

మొదటి లెక్క

ఆహారం అందని 4,724 మందిలో 122 మందికి క్షయ వచ్చింది. అందిన 5,621 మందిలో 96 మందికి వచ్చింది. భాగించి చూడండి: మొదటి బృందంలో నూటికి 2.6, రెండో బృందంలో నూటికి 1.7. సవరణలన్నీ చేశాక పరిశోధకులు చెప్పింది ఇది: అన్ని రకాల క్షయ కలిపి 39 శాతం తగ్గింది, పరీక్షలో బ్యాక్టీరియా కనిపించి నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 39 శాతం తగ్గిందంటే, ఆహారం అందుకున్న ప్రతి వందమందిలో 39 మంది క్షయ నుంచి బయటపడ్డారని కాదు. వందకు 2.6 ఉండాల్సింది 1.7 అయింది. అంటే వందమందిలో ఒకరికంటే కొంచెం తక్కువ. పరిశోధకులే దీన్ని ఇంకో విధంగా చెప్పారు: ఒక కొత్త క్షయ కేసును ఆపాలంటే 30 ఇళ్లకు, అంటే 111 మందికి ఆహారం అందించాలి. రెండూ ఒకే వాస్తవానికి రెండు ముఖాలు. 48 శాతం అన్నది పత్రిక శీర్షికకు బాగుంటుంది. 111 మంది అన్నది జిల్లా కలెక్టర్‌కు పనికొస్తుంది. నా వరకు నేను ఏ వైద్య వార్త చదివినా రెండోది ఎక్కడైనా ఇచ్చారేమోనని వెతుకుతాను, చాలాసార్లు ఇవ్వరు.

చేతి లెక్క ఒకటి వేద్దాం. 2019 ధరల్లో ఒక కుటుంబ సభ్యుడి ఆహారానికి నెలకు సుమారు 325 రూపాయలు అయింది. ఆరు నెలలకు 1,950. దాన్ని 111తో గుణిస్తే సుమారు 2 లక్షల 16 వేల రూపాయలు. ఒక్క క్షయ కేసు ఆగడానికి అయ్యే ఆహారపు ఖర్చు ఇది, రవాణా, సిబ్బంది ఖర్చు కాకుండా. ఎక్కువ అనిపిస్తుందా? ఆ 111 మందిలో మిగతా 110 మంది కూడా ఆరు నెలలు మంచి తిండి తిన్నారు. అధ్యయనంలో చేరిన కుటుంబ సభ్యుల్లో దాదాపు మూడోవంతు మంది పోషకాహార లోపంతో ఉన్నవారే. వారి కడుపు నిండడాన్ని ఖర్చు కింద రాయాలా, ఫలితం కింద రాయాలా అన్నది గణితం తేల్చే విషయం కాదు.

కాకతాళీయం మాటేమిటి? 39 శాతం అన్నది నడిమి అంచనా. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చూస్తే, ఈ సమాచారంతో పొసిగే అసలు తగ్గుదల 15 శాతం నుంచి 57 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అవధి వెడల్పుగానే ఉంది. కానీ దాని కింది అంచు కూడా సున్నా కంటే పైనే ఉంది. ఎంత పనిచేసిందన్న దాంట్లో తేడా రావచ్చు గానీ, ఏమీ పనిచేయలేదనడం ఈ లెక్కతో కుదరదు.

తేడా అసలు కంటే తక్కువగా కనిపించి ఉండే అవకాశం కూడా ఉంది. రెండో బృందంలోనూ రోగికి నెలకు 10 కిలోల ఆహారం ఇంటికి వెళ్లింది కదా. దగ్గుతున్న తండ్రి తన పాలపొడిని పిల్లలకు కలిపి ఇవ్వకుండా తానొక్కడే తాగుతాడని ఏ అధ్యయనమూ భరోసా ఇవ్వలేదు. దానికి తోడు మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం రేషన్ కార్డుదారులకు ఉచితంగా అదనపు ధాన్యం ఇచ్చింది, అది రెండు వైపులా అందింది. పోలికలో ‘ఆహారం అందని’ బృందం అంటున్నది నిజానికి ‘కొంచెం తక్కువ అందిన’ బృందం.

రెండో లెక్క

ఇక రోగుల సంగతి. అధ్యయనంలో చేరిన 2,800 మందిలో నూటికి 80 మందికి పైగా ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. అలాంటివారిలో సగం మందికి ఆహారం ఇచ్చి సగం మందికి ఆపి, ఎవరు ఎక్కువగా చనిపోతారో చూద్దామని అనగలమా? ఆకలితో కుంగిన రోగికి తిండి మంచిదా కాదా అన్న ప్రశ్నకు చీటీ వేసే హక్కు ఎవరికీ లేదని పరిశోధకులు భావించారు. అందుకే రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఇది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కానీ దానివల్ల రోగుల విషయంలో పోల్చడానికి రెండో బృందం లేకుండా పోయింది.

ఫలితాలు బాగున్నాయి. 2,623 మందికి, అంటే 93.7 శాతానికి, చికిత్స విజయవంతమైంది. 108 మంది, 3.9 శాతం, చనిపోయారు. ఈ 3.9 ఎక్కువా తక్కువా? ‘మామూలుగా ఇంతకంటే ఎక్కువమంది పోతారు’ అని వెంటనే అనాలనిపిస్తుంది. మామూలుగా అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు? ఈ రోగుల ఇళ్లకు అధ్యయన సిబ్బంది నెలనెలా వెళ్లారు. ఆహారంతో పాటు ఆ పలకరింపు, ‘మాత్రలు వేసుకుంటున్నావా’ అనే ప్రశ్న, ఒంట్లో బాగాలేదంటే ఆస్పత్రికి చేర్చే చేయి కూడా అందాయి. పక్క రాష్ట్రంతోనో, ఐదేళ్ల కిందటి లెక్కతోనో పోల్చి, తేడా అంతా అన్నం ఖాతాలో వేయలేం.

61 శాతం సంఖ్య ఈ రోగుల లోపలే చేసిన పోలిక నుంచి వచ్చింది. రెండు నెలల దగ్గర 2,676 మందిని తూచారు. వారిలో 1,444 మంది తమ బరువులో కనీసం 5 శాతం పెరిగారు. అలా పెరిగినవారిలో ఆ తరువాత మరణించే ప్రమాదం, పెరగనివారితో పోలిస్తే 61 శాతం తక్కువ. ఆ అంచనా అవధి 14 శాతం నుంచి 82 శాతం వరకు ఉంది. రెండు నెలల తరువాతి మరణాలు తక్కువ కాబట్టి అంత వెడల్పు వచ్చింది.

ఇప్పుడు అడగాల్సింది ఇది: బరువు పెరిగినవారినీ పెరగనివారినీ ఎవరు విడదీశారు? చీటీ కాదు. జబ్బే విడదీసింది. మందు బాగా పనిచేస్తే జ్వరం తగ్గుతుంది, నోటికి రుచి తెలుస్తుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. అదే మనిషి బతికే అవకాశమూ ఎక్కువే. ఇక్కడ బరువు ప్రాణం కాపాడిందా, లేక ప్రాణం నిలబడుతోందన్న సంగతిని బరువు మనకు తెలియజేసిందా? జబ్బుపడ్డవాడికి ఆకలి పుడితే గండం గడిచినట్టేనని ఇంట్లో పెద్దవాళ్లు సంబరపడతారు. ఆకలే జబ్బు నయం చేసిందని వాళ్లూ అనరు.

మరో చిక్కు కూడా ఉంది. రెండు నెలల దగ్గర తూకం వేయించుకోవాలంటే మనిషి అప్పటికి బతికి ఉండాలి. క్షయ మరణాల్లో చాలా భాగం చికిత్స మొదలైన తొలి వారాల్లోనే జరుగుతాయి. ఆ మొదటి వారాల్లో పోయినవాళ్లు ఈ పోలికలో ఏ వైపూ లేరు. కాబట్టి ఈ సంఖ్య చెప్పేది మొత్తం రోగుల గురించి కాదు, మొదటి గండం దాటినవారి గురించి.

రోగి మొదటి బరువు, మధుమేహం, రక్తహీనత, మంచం పట్టాడా తిరుగుతున్నాడా వంటి వాటిని పరిశోధకులు లెక్కలోకి తీసుకుని సవరించారు. అది అవసరమైన పనే, చాలా వరకు ఉపయోగపడుతుంది కూడా. అయినా కొలిచినవాటినే సవరించగలం. ఊపిరితిత్తి ఎంత పాడైందో, మందు ఒంటికి ఎంత పట్టిందో పూర్తిగా కొలవలేకపోతే అది లెక్కలో మిగిలిపోతుంది. చీటీ చేసే పనిని సవరణ సగమే చేయగలదు.

అలాగని ఈ లెక్క పనికిరానిది కాదు. బరువుకు కారణం ఏదైనా, రెండు నెలల్లో బరువు పెరగని రోగి ప్రమాదంలో ఉన్నాడన్నది నిజం. తూకం యంత్రం ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉంటుంది. ముందుగా ఎవరిని గమనించాలో నర్సుకు చెప్పడానికి ఈ సమాచారం చాలు. ఏ చికిత్స ప్రాణం కాపాడుతుందని చెప్పడానికి మాత్రం చాలదు. సూచిక వేరు, కారణం వేరు.

మద్రాసు ఏమి చెప్పింది

ఆహారం, బరువు, క్షయ గురించి మాట్లాడేటప్పుడు 1950ల మద్రాసును దాటి పోలేం. అప్పట్లో క్షయ అంటే శానిటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు వినని పాత తరం తెలుగు కుటుంబం అరుదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు: చికిత్సలో సగం భాగం అదేననుకునేవారు. కానీ దేశంలో ఉన్న రోగులకు ఆ పడకలు ఏ మూలకూ సరిపోవు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ రసాయన చికిత్సా కేంద్రం, వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, రోగులను చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేసింది. ఒక భాగం శానిటోరియంలో, రెండో భాగం ఇంట్లో. మందులు ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. ఇంట్లో ఉన్నవారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి, చాలామందికి పనికి వెళ్లక తప్పని పరిస్థితి.

ఏడాది తరువాత శానిటోరియంలో 92 శాతం మందికి, ఇంట్లో 86 శాతం మందికి వ్యాధి అణగింది. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబ సభ్యులకు జబ్బు ఎక్కువగా సోకిందీ లేదు. శానిటోరియంలో బాగా తిన్నవారు బరువు మాత్రం చాలా ఎక్కువగా పెరిగారు. ప్రపంచం ఈ ఫలితాన్ని చూసి శానిటోరియంలను మూసేసింది, క్షయను ఇంటి దగ్గరే మందులతో నయం చేయడం మొదలుపెట్టింది. లక్షల కుటుంబాలకు మేలు జరిగింది. దాంతో పాటే ‘మందులుంటే చాలు, తిండితో పనిలేదు’ అనే అభిప్రాయమూ దశాబ్దాల పాటు పాతుకుపోయింది.

ఆ అభిప్రాయం మద్రాసు అధ్యయనం చెప్పినదానికంటే ఒక అడుగు ముందుకు వేసింది. అక్కడ చీటీ తేల్చింది ఇల్లా శానిటోరియమా అన్నది. ఆహారం ఆ రెంటితో పాటు వచ్చిన అనేక తేడాల్లో ఒకటి. కొలిచిన ఫలితం వ్యాధి అణగడం. ఆహారం పెడితే ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రాకుండా ఉంటుందా అన్నది అక్కడ ఎవరూ పరీక్షించలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందని అనుకోవడం వైద్యంలో కొత్తేమీ కాదు.

అదే మద్రాసు మన రెండో లెక్కకూ ఒక హెచ్చరిక. శానిటోరియం రోగులు ఎక్కువ బరువు పెరిగారు, అయినా నయమైనవారి శాతంలో పెద్ద తేడా రాలేదు. బరువు, చికిత్స ఫలితం ఎప్పుడూ చేయిపట్టుకుని నడవవు. క్షయ రోగులకు పోషకాహారం ఇవ్వడం గురించిన 35 ట్రయల్స్‌ను 2016లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. ఉచిత ఆహారం కొన్నిచోట్ల బరువు పెంచి ఉండవచ్చు గానీ, మరణాలూ చికిత్స ఫలితాలూ మెరుగవుతాయని చెప్పడానికి తగిన పరిశోధన లేదని తేల్చింది. మూడేళ్ల తరువాత జార్ఖండ్‌లో పని మొదలైనది ఈ ఖాళీలోనే. అందులో కుటుంబ సభ్యుల భాగం చీటీతో నిండింది. రోగుల భాగం, నైతిక కారణాల వల్ల, నిండలేదు.

ఆ తరువాత

క్షయ రోగులకు పోషణ కోసం కేంద్రం 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు ఇస్తోంది. 2024 నవంబర్ నుంచి అది 1,000 రూపాయలు అయింది. తక్కువ బరువు ఉన్న రోగులకు అదనపు శక్తినిచ్చే ఆహారం, నిక్షయ్ మిత్ర కింద ఆహార బుట్టలను రోగి కుటుంబ సభ్యులకూ విస్తరించడం కూడా అదే ఏడాది అక్టోబర్‌లో ప్రకటించారు. కుటుంబ సభ్యుల సంగతి విధానంలోకి రావడానికి జార్ఖండ్ ఫలితం బలమైన ఆధారం.

ఒక తేడా గమనించాలి. జార్ఖండ్‌లో పరీక్షించింది ఇంటికి చేరిన బియ్యం, పప్పు. నిక్షయ్ పోషణ్‌లో వెళ్లేది బ్యాంకు ఖాతాకు డబ్బు. వెయ్యి రూపాయలు ఇంటికి వచ్చినప్పుడు అది పప్పు అవుతుందా, బడి ఫీజు అవుతుందా, పాత అప్పుకు వడ్డీ అవుతుందా అన్నది ఆ ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. పైగా ఈ పథకం దేశమంతటా ఒకేసారి అమలవుతుంది, అందని బృందమంటూ ఉండదు. రేపు ఆదిత్యపూర్‌లోనో అనకాపల్లిలోనో క్షయ కేసులు తగ్గితే, ఆ తగ్గుదలలో డబ్బు వాటా ఎంత, ఇంటింటికీ ఎక్స్‌రేతో వెతకడం వాటా ఎంత, కొత్త మందుల వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. జిల్లాలను చీటీ వేసి, కొన్నిచోట్ల ఈ ఏడాది, కొన్నిచోట్ల వచ్చే ఏడాది మొదలుపెడుతూ పోయి ఉంటే, చివరికి అందరికీ అందుతూనే పోలిక కూడా దక్కేది. ఇలాంటి పద్ధతి వైద్య పరిశోధనలో ఎప్పటినుంచో వాడుకలో ఉంది.